పెరటి ముచ్చటలు: పురుగులను పట్టు మంచుమొక్క

గత సంచికలో మేము చిత్రమూలమును గూర్చి వ్రాయుచు, దాని పూలతొడిమల మీది జిగురునకు సన్నపు చీమలు అంటుకొని చచ్చుచుండునని ఒక్క మాట యనియుంటిమి. ఆ యొక్క మాటను పట్టుకొని ముగ్గురు సోదరీమణులు ఉత్తరములు వ్రాసిరి. పురుగులను నిజముగా పట్టి తిను మొక్కలు కలవా? ఉన్నచో మన యెర్రనేలలలో దొరకునా? ఇంట పెంచవచ్చునా? కలవు, దొరకును, పెంచవచ్చును. చిత్రమూలము మాత్రము తాను చంపిన చీమను తినదు. తిను మొక్క వేరు. శాస్త్రజ్ఞులు దానికి డ్రొసెరా యని పేరిడిరి. గ్రీకు భాషలో ఆ మాటకు మంచుతో తడిసినదని యర్థము. కనుక మనము మంచుమొక్క యని పిలుచుకొందము.

ఈ జాతిలో మన మైదానములలో కనబడునవి ముఖ్యముగా రెండు. ఒకటి నేలకు అదిమినట్లు పరచుకొని, రూపాయి బిళ్ళకంటె ఏమంత పెద్దది కాక, కుంకుమ చల్లినట్లు ఎర్రగా నుండును. దీనిని బర్మాని యందురు. సింహళపు మొక్కలను గూర్చి గ్రంథము వ్రాసిన బర్మన్ అను డచ్చి పండితుని పేర 1794లో ఆ నామకరణము జరిగినది. రెండవది జానెడు నిలిచి, గడ్డిపోచలవంటి ఆకులతో నుండును. ఇది ఇండికా. లిన్నేయసు 1753లోనే దీనిని తన గ్రంథమున చేర్చెను. వానలు తగ్గుముఖము పట్టిన వేళ పరుపుబండల యంచున నీరు ఊరుచోట్ల, అలుగు దిగువ ఇసుకమేటలలో, గడ్డియు సరిగా మొలవని మొరపునేలలో వీనిని వెదకవలెను. రేగడిలో వెదకి ప్రయోజనము లేదు.

ఆకుమీద సన్నని వెండ్రుకలు, ప్రతి వెండ్రుక కొనను ఒక్కొక్క బిందువు. ఎండ ఎక్కినను ఆ మంచు ఆరదు, ఏలయన అది మంచు కాదు, జిగురు. మారీచుడు బంగారులేడియై మెరసినట్లు ఇదియు మెరయును. చీమయో దోమయో వచ్చి వ్రాలును, కాళ్లు చిక్కుకొనును, పెనుగులాడినకొలది చుట్టునున్న వెండ్రుకలు వంగి దానిమీదికి వచ్చును. బర్మాని అంచున నుండు పొడుగు వెండ్రుకలు కన్ను మూసి తెరచునంతలో వంగుట మేము చూచితిమి. పిమ్మట మన కడుపులో ఊరు రసములవంటి రసము ఊరి, పురుగులోని మెత్తని భాగమును కరగించును. ఆకు దానిని పీల్చుకొనును. కొన్ని దినములకు పొట్టు మాత్రము మిగులును. ఇదంతయు ఆకలికొరకు కాదు. ఆహారమును ఎండతోనే వండుకొనుట దీనికిని తెలియును. ఇది నిలుచు నేలలో నత్రజని లేదు. పప్పులేని అన్నము తినువారు పప్పుకొరకు పొరుగింటికి పోవుదురు గదా, అట్టిదే యిది.

ఆంగ్లదేశపు డార్విన్ 1860లో ఈ మొక్కను చూచి విడువలేక, 15 సంవత్సరములకు, అనగా 1875లో, కీటకములను తిను మొక్కలపై పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన మాంసపు తునకలు, ఉడికిన గ్రుడ్డులోని తెలుపు పెట్టి చూడగా ఆకు కరగించుకొన్నది. పిండిపదార్థమును, కొవ్వును ముట్టలేదు. కాబట్టి మన అన్నపు మెతుకు దీనికి పనికిరాదు. మొదటి యేడుననే ఆయన భార్య యెమ్మా తన స్నేహితురాలికి ఉత్తరము వ్రాయుచు, మావారు దానిని ప్రాణివలె చూచుచున్నారు, చివరకు జంతువని రుజువు చేయదలచినారు కాబోలునని వేళాకోళమాడెనట. ఇట్టి ఉత్తరములు వ్రాయు హక్కు పండితుల భార్యలకు ఎల్లకాలమును కలదు. డార్విన్ తన గ్రంథమున స్మరించిన వారిలో మేరీ ట్రీట్ అను అమెరికా స్త్రీ యొకతె గలదు. భర్త విడిచిపోగా పత్రికలకు వ్రాసి పొట్టపోసికొనుచు, ఇంటనే గాజుపాత్రలలో నీటిమొక్కలను పెంచి, నీటిలోని తిత్తిమొక్క పురుగులను ఎట్లు పట్టునో గంటలకొలది కూర్చుండి చూచి వ్రాసెను. ఆ తిత్తిమొక్క జాతి మన కుంటలలోను కలదు. దానిని మరియొక మాసమున చూతము.

ఇక పెంపకము. అన్నిటికంటె ముందుగా నీరు.

మన మొక్కలలో చాలవాటికి ఎరువు తక్కువైన బాధ. దీనికి ఎరువే విషము. పేడ, బూడిద, సున్నము, ఉప్పు కలిసిన నీరు, వీనిలో ఏది తగిలినను వేరు మాడిపోవును. మన జిల్లాల బోరునీరు ఎట్టిదో నీళ్లు కాచుకొను ప్రతి యిల్లాలును ఎరుగును. గిన్నె యడుగున తెల్లని పొక్కు గట్టుటయే సాక్ష్యము. దానికి తోడు మర్రిగూడెము, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదానిని మించిన నీరు త్రాగి, అక్కడి రెండు మూడు తరముల వారి పండ్లు గారలు పట్టినవి, ఎముకలు వంగినవి. 2015లో చౌటుప్పలు వద్ద భగీరథ పథకపు పైలాను నిలిపిన పిమ్మట కృష్ణానీరు నల్లాలలో వచ్చినది గాని, తోటకును బట్టలకును చాల యిండ్లలో నేటికిని బోరునీరే. కాచినచో సున్నము కొంత అడుగున పేరుకొనును. ఫ్లోరైడు మాత్రము పోదు, నీరు ఇగిరినకొలది చిక్కబడును. ఈ సంగతి మొక్కకొరకు కాకున్నను పిల్లలకొరకు తెలిసియుండవలెను.

కనుక ఈ మొక్కకు వాననీరు. లేదా ఆర్.ఓ. యంత్రము నుండి వచ్చిన నీరు, అయితే రుచికొరకు మరల లవణములు కలుపు యంత్రముది కారాదు.

ఇక్కడ మా అత్తగారి మాట చెప్పక తప్పదు. పురుగుల హింస ఇంట నేల యని ఆమె మొదట అడిగిరి. దోమలబత్తి వెలిగించు ఇంటిలో ఆ ప్రశ్న ఎక్కువసేపు నిలువలేదు. రెండవ మాట బరువైనది. ఆమె కాపురమునకు వచ్చిన నాడు కోసెడు దూరమునుండి తలమీద రెండు కడవలు మోసినవారు. “కోడలా, మనుష్యులకే మంచినీళ్లు కరవైన ఊళ్లలో పురుగుదిను మొక్కకు వాననీళ్లు దాచుదువా?” యనిరి. మేము నవ్వి త్రోసివేయలేదు. లెక్క వేసితిమి. ఒక పళ్లెములో నిలిచిన నాలుగు గిన్నెల మొక్కలకు వారమునకు రెండు లీటర్లు చాలును. ఉత్తర కార్తె నుండి శివరాత్రి దాక ఐదు నెలలకు 45 లీటర్లు. ఒక గజము పొడవు, గజము వెడల్పు గల రేకుమీద 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎనిమిది లీటర్లు దొరకును. అనగా మంచివానలు ఆరేడు పడినచో ఆ చిన్న రేకే మొక్కల యేటి నీటిని ఇచ్చును. మిగిలిన కప్పు మీది నీరంతయు ఇంతకాలము వీథి కాలువ పాలైనది. ఈ లెక్క చూచిన పిదప అత్తగారు తామే గోలెము కడిగించి చూరుక్రింద పెట్టించిరి. ఇప్పుడు ఆ నీటిలో అధికభాగము పప్పు ఉడికించుటకు పోవుచున్నది. వాననీటిలో కందిపప్పు ఎంత త్వరగా ఉడుకునో చూచినవారు తిరిగి బోరునీరు పోయరు. మొక్కల వాటా మేము ముందే తీసి దాచవలసి వచ్చుచున్నది.

మృగశిరలో పడు మొదటి వానలను విడిచిపెట్టవలెను. కప్పు మీది దుమ్మును రెట్టలును అవి కడుగును. పెంకు గాని రేకు గాని మంచిది. క్రొత్త సిమెంటు కప్పుమీది నీటిలో సున్నము దిగును. పాత్రకు సన్నని గుడ్డ గట్టి మూత పెట్టకున్నచో, దోమలను తిను మొక్కకొరకు దోమలనే పెంచినట్లగును.

విత్తనముల మాట. అడవినుండి మొక్కను వేరుతో పెకలించి తేవలదు. తెచ్చినది వారము దాటి బ్రదుకదు, అక్కడ మరుసటేటికి విత్తనమును ఉండదు. మొరపుగుట్టలు త్రవ్వి బండ్లకెత్తుచున్న ఈ కాలమున అవి నిలుచు తావులే తగ్గుచున్నవి. మందగా నున్నచోట ఒకటి రెండు ఎండిన కాయలను కాగితములో దులుపుకొన్న చాలును, ఒక్కొక్క కాయలో బోలెడు విత్తనము. అమ్రాబాదు పులుల అభయారణ్యములో నైతే ఆ కాయయు త్రెంపరాదు, చట్టము ఒప్పదు. పెంచువారినుండి విత్తనము తెప్పించుకొనుట ఉత్తమము. బర్మాని విత్తనమునే మొదట కోరవలెను. ఇండికా విత్తనము మొండిది, ఎప్పుడు లేచునో దానికే తెలియవలెను.

మట్టి కొరకు రెండుపాళ్లు పీట్ అను నాచుమట్టి, ఒక పాలు పలుగురాతి ఇసుక. పీట్ నర్సరీలలో అమ్ముదురు. అది దొరకనిచో కొబ్బరిపొట్టును వాననీటిలో ఐదారు మారులు నానబెట్టి పిండి, ఉప్పు విడిచిన పిదప వాడవచ్చును. ఇసుకను నమ్మరాదు. మిర్యాలగూడెము, హుజూర్‌నగరము వైపు సున్నపురాతి నేల ఎక్కువ. చెంచాడు ఇసుకపై సిర్కా పోసి చూడుడు. బుసబుస పొంగినచో సున్నము కలదు, పారవేయుడు. పొంగకున్నచో తేటనీరు వచ్చువరకు కడిగి కలుపుడు. మట్టికుండ చెమ్మను బయటికి లాగి లవణమును గోడలలో నిలుపుకొనును. కావున అడుగున తూట్లు పొడిచిన ప్లాస్టిక్ గిన్నెయే మేలు. ఇది మా కంటికి ఇంపుగా లేదు గాని మొక్కకు సరిపడినది.

పుబ్బ, ఉత్తర కార్తెలు విత్తుటకు తగిన వేళ. మట్టిని బాగుగా తడిపి, చదును చేసి, విత్తనమును మడచిన కాగితముపై పోసికొని వ్రేలితో తట్టుచు పైని చల్లవలెను. విత్తనము ముక్కుపొడుమువలె నుండును, తుమ్ము వచ్చినచో ముందుగా అవతలికి పోవలెను. పైన మట్టి కప్పరాదు, వెలుతురు తగిలినగాని మొలవదు. పైనుండి నీరు పోయరాదు, విత్తనమంతయు ఒక మూలకు కొట్టుకొనిపోవును. గిన్నెను పళ్లెములో నిలిపి, పళ్లెములో వ్రేలి కణుపు లోతున నీరుంచుడు. గిన్నెపై గాజుపలక గాని పలుచని ప్లాస్టిక్ కాగితము గాని కప్పి, వెలుతురు గల వసారాలో, మధ్యాహ్నపు ఎండ తగులని చోట నుంచుడు.

రెండు మూడు వారములకు కొన్ని, ఆరు వారములకు కొన్ని మొలచును. సూదిమొనయంత పచ్చదనము. దాని మూడవ నాలుగవ ఆకుమీదనే మంచు కనబడును. అప్పటినుండి కప్పును దినదినము కొంచెము కొంచెము తొలగించుచు ఉదయపు ఎండకు అలవాటు చేయవలెను. ఎండ చాలకున్నచో మొక్క పచ్చగా సాగును, బిందువులు పలుచనగును. ఎండ సరిపడినచో ఎర్రనగును. తడి మాత్రము ఒక్కపూటయు ఆరనీయరాదు. ఊరికి పోవలసియున్నచో పొరుగింటివారికి పళ్లెము అప్పగించి, బోరునీరు పోయవద్దని రెండుమారులు చెప్పి పోవలెను.

మేతను గూర్చి కంగారు పడవలదు. వసారాలో నున్న మొక్క తన పురుగును తానే పట్టుకొనును. డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ 1878లో ప్రకటించిన పరీక్షలో, మేత పెట్టిన మొక్కలు పెట్టనివానికంటె చాల హెచ్చు విత్తనము నిచ్చెను. కాని పెట్టనివియు బ్రదికెను. పిల్లలు పెట్టెదమని మారాము చేసినచో చిమ్మెటకాలంత తునక చాలును. పెద్ద ముక్క పెట్టిన ఆకు కుళ్లిపోవును.

గత యేట మా యింటివారు తమ బడిపిల్లలకు చూపుటకై, మిగిలిన మొలకలను రెండు గిన్నెలలో నుంచి, ఒకదానికి వాననీరు, ఒకదానికి మా వాడ బోరునీరు పోయించిరి. మూడువారములలో రెండవదానిపై మంచు మాయమైనది. నెల దాటగానే ఆకులు నల్లబడినవి. అది చూచి ఒక బాలిక, ముందు పండ్ల మీది గోధుమవన్నె చారను పెదవితో కప్పుకొనుచు, “ఇదే నీళ్లా సారూ?” యని అడిగినదట. ఫ్లోరైడే మొక్కను చంపినదని దీనివలన తేలదు. నీటిలోని లవణములన్నియు కలిసి చంపినవి, సున్నమే యెక్కువ పని చేసియుండును. మా యింటివారు పిల్లలకును అట్లే చెప్పిరి. అయినను ఆ సాయంకాలము ఇద్దరు ముగ్గురు తల్లులు మా యింటికి వచ్చి, వంటకు ఏ నీరు వాడవలెనని విచారించిరి. నల్లానీరు వచ్చు వేళ వంటకును త్రాగుటకును పట్టి నిలువచేసికొని, బోరునీటిని కడుగుటకు మాత్రము ఉంచుకొనుడని చెప్పితిమి.

బర్మాని మార్గశిర పుష్యములలో సన్నని కాడపై తెల్లని పూలు పూయును. తుమ్మెద రాకున్నను తనంత తానే ఫలించును. మాఘము దాటగా మొక్క వాడును. నీరు చాలలేదని దుఃఖింపవలదు, దాని ఆయువు అంతే. కాయలు గోధుమవన్నెకు తిరిగి నోరు తెరవకముందే కాడను కత్తిరించి, తెల్లకాగితముపై దులిపి, మూడు పొట్లములుగా కట్టి, మీద సంవత్సరము వ్రాసి, తడి తగులని డబ్బాలో పెట్టవలెను. ఒకటి విత్తుటకు, ఒకటి ఇరుగుపొరుగులకు, ఒకటి ఆ యేడు మొలకలు చెడినచో తిరిగి చల్లుటకు. మాకు వ్రాసిన ముగ్గురు సోదరీమణులకును ఈ వారమే తలా ఒక పొట్లము టపాలో వేసితిమి.