అంగడి మూతపడినది; చిట్టా యేమైనది?

గత మాసమున మన సంఘ కార్యవర్గ సమావేశమునకు ఒక ప్రతిపాదన వచ్చినది. మన పట్టణములో మూతపడిన పాత తెలుగు అంగళ్ల చరిత్రను ప్రత్యేక సంచికగా వెలువరింపవలెనని. ఉద్దేశము మంచిదే. కాని దానిని కూర్చు విధము విన్నప్పుడు నా మనసు చివుక్కుమన్నది. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క పుటకు వెల చెల్లించునట. పుట పైభాగమున స్థాపకుల ఛాయాచిత్రము, క్రింద వారి దాతృత్వమును గూర్చి నాలుగు వాక్యములు. ఇది చరిత్ర గాదు, ప్రకటన. నేనును వర్తకుడనే గనుక ప్రకటనకును పద్దునకును గల భేదము నెరుగుదును. ఆ మాట సభలో అన్నందుకు ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకొనిరి. వారియెడ గౌరవముతోనే నా వాదమును ఇచ్చట వివరముగ వ్రాయుచున్నాను.

1953 వరకు మనకు మద్రాసే రాజధాని. మా తాతగారు సరకు కొనుగోలునకై అచ్చటికి పోయినప్పుడెల్ల మౌంటు రోడ్డునందలి స్పెన్సరు వారి మహా దుకాణమును చూచి వచ్చెడివారు. కొనుటకు గాదు, చూచుటకు మాత్రమే. తిరిగి వచ్చి గాజు బీరువాలలో సరకు పేర్చిన తీరును మా కొట్టు గుమాస్తాలకు చెప్పెడివారట. 1863-64 ప్రాంతమున చార్లెస్ డ్యూరంటు, జె. డబ్ల్యు. స్పెన్సరు అను ఇరువురు ప్రారంభించిన ఆ వ్యాపారము, పిమ్మట యూజీన్ ఓక్‌షాట్ చేతికి వచ్చి, 1895 లో సొంత భవనమునకు మారి, ఎనుబదికి పైబడిన విభాగములతో ఆసియాఖండముననే పేరుమోసినది. 1980వ దశకపు ఆదిలో ఆ భవనము అగ్నికి ఆహుతియైనది. ఆ స్థలముననే తరువాత స్పెన్సర్ ప్లాజా లేచినది. అంగడి కాలిపోయినను దాని కథ కాలిపోలేదు. మద్రాసు చరిత్రకారులు కీర్తిశేషులు ఎస్. ముత్తయ్య గారు దానిపై ఒక గ్రంథమునే వ్రాసిరి. కంపెనీ యన్న తరువాత వాటాదారుల నివేదికలుండును, పత్రికలలో ప్రకటనలుండును, ఆసైలం ప్రెస్సువారు మద్రాసులో ఏటేట అచ్చువేసిన డైరెక్టరీలలో వర్తక సంస్థల పేర్లుండును. వెదకువానికి కాగితము దొరకును.

ఇక హైదరాబాదు సంగతి చూడుడు. ఆబిడ్స్ అను పేటను ఎరుగని తెలుగువాడు లేడు. ఆ పేరు ఒక అంగడిది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఆంతరంగిక పరిచారకుడుగ నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియావాడు పెట్టిన దుకాణమది. 1891 నాటి జాకబ్ వజ్రపు బేరములో మధ్యవర్తి ఇతడే. ఆ తగవు కలకత్తా హైకోర్టు కెక్కినందున వజ్రము సంగతియైనను ఆరాయుటకు వీలున్నది. అంగడిని గూర్చి మాత్రము జనుల నోట నిలిచిన దొక్కటే కథ. నిజాము ఒకమారు తొడిగిన దుస్తులను మరల తొడుగడట. ఆబిడ్ వానిని తన కొట్టునకు చేర్చి తిరిగి ప్రభువునకే అమ్మెడివాడట! నవ్వుకొనుటకు బాగున్నది. కాని ఆ కొట్టులో గుమాస్తాలెందరు? వారి జీతమెంత? సరకు ఏ రేవునుండి వచ్చెను? నగదు బేరమెంత, అరువు బేరమెంత? ఈ ప్రశ్నలకు కథ బదులు చెప్పదు. పుటకింత యని వెలకట్టి మనము వేయబోవు సంచికయు ఇట్టి కథల మూటయే యగును. అందు మనలో ప్రతివాని తాతయు దానకర్ణుడే యగును.

ఇతరులను అనుటకు ముందు నా తప్పు చెప్పుకొనవలెను. బ్రూస్‌పేటలోని మా తాతగారి అంగడి ఒక్క చూరు క్రింద గుడ్డలు, గొడుగులు, ఇనుప పెట్టెలు, గడియారములు, పెండ్లి సామాను అన్నియు అమ్మిన కొట్టు. 1996 లో మూతపడినది. అటక మీది పుస్తకములు ఏడు బస్తాలైనవి. నాయనగారు వద్దనుచుండగనే నేను వానిని పాత కాగితములవానికి తూకమునకు వేసితిని. వచ్చిన సొమ్ము ఆ గదికి వేయించిన సున్నపు కూలికి కూడ చాలలేదు. బస్తా అడుగున అంటుకొనిపోయి మిగిలినవి మూడు పుస్తకములు. అందొకటి 1953-54 నాటి ఆవర్జా.

దానిని విప్పి చదువుటకు నాకు ఇరువదియేండ్లు పట్టినది. చదివిన నాటినుండి నిద్ర లేదనిన అతిశయోక్తి గాదు. 1953 అక్టోబరు 1 న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము క్రొత్తగా నేర్పడిన ఆంధ్రరాష్ట్రమున నిలిచినవి. ఈ మాట పాఠ్యపుస్తకములోను ఉన్నది. పాఠ్యపుస్తకములో లేనిది మా ఆవర్జాలో ఉన్నది. సెప్టెంబరు నెలలో పెండ్లి గుడ్డలు అరువునకు కొనిపోయిన ఆలూరు రైతు, అక్టోబరు నాటికి పరరాష్ట్రమువాడు. అతని ఖాతా పుట మారలేదు. దీపావళికి క్రొత్త పుస్తకము పూజలో పెట్టి, పసుపు కుంకుమలద్ది, పాత నిలువను దింపినప్పుడు అతని పేరు ఎప్పటి వరుసలోనే వ్రాయబడినది. సంక్రాంతి వెళ్లిన పిమ్మట అతడు పైకము జమకట్టినాడు. ఎల్లను గూర్చి సభలలోను పత్రికలలోను ఎంత రభస జరిగినదో మనమందరము విన్నాము. అంగడి గల్లాపెట్టె ముందు జరిగినదేమో ఈ యొక్క పుటయే చెప్పుచున్నది.

ఇంకొక సంగతి. పుస్తకము తెలుగున వ్రాయబడినది గాని ఖాతాదారులలో సగము పేర్లు కన్నడిగులవి. మారువాడీ సేట్ల పద్దులు, కౌల్ బజారు ముసల్మానుల పద్దులు కూడ కలవు. మనము ఈ గడ్డపై నిన్న దిగినవారము కామనియు, ఇరుగుపొరుగుతో కలిసి బ్రదికినవారమనియు చెప్పుటకు ఇంతకన్న గట్టి సాక్ష్యమేది? ఏ మహజరులోనైన ఇంత బలమున్నదా?

సభలో వచ్చిన ఆక్షేపణలను కూడ తీసికొందము. కొట్టునకు చరిత్రయేమి, చరిత్ర బళ్లారి రాఘవ గారిది, ధర్మవరము రామకృష్ణమాచార్యుల గారిది, కోలాచలము శ్రీనివాసరావు గారిది అని యొకరనిరి. ఆ మహనీయులకు నేనును మ్రొక్కుదును. కాని వారి నాటకముల తెరలకు గుడ్డ యే కొట్టున కొనిరి? ఎన్నినాళ్ల వాయిదాకు తెచ్చిరి? దానిని తెలిసికొనిననాడు మన నాటకరంగము సంగతియు మరికొంత తెలియును. ఫ్రాన్సిస్ దొర 1904 లో వెలువరించిన బళ్లారి గెజెటీరులో వృత్తులకును వాణిజ్యమునకును ఒక ప్రకరణమే కేటాయించెను. అంతకు నూరేండ్లకు పూర్వమే మెకంజీ దొర కొలువులో మన కావలి సోదరులు కైఫీయతుల సేకరణకు దారితీసిరి. పరాయివాడు మన సంగతిని వ్రాయదగినదిగ నెంచినాడు. మనకది తూకపు కాగితమైనది!

పాత బాకీలు బయటపడి కుటుంబముల పరువు పోవునని మరియొకరనిరి. అయ్యా, మూడేండ్ల కాలపరిమితి దాటిన బాకీ కోర్టుననే చెల్లదు. డెబ్బదియేండ్ల నాటి అరువునకు ఎవరి పరువు పోవును? కావలసిన పేరు మరుగుపరచి సంగతి మాత్రము వ్రాయుదము.

మూడవ ఆక్షేపణకు మాత్రము నేను తలయొగ్గుచున్నాను. ఆ గొలుసుకట్టు వ్రాతను చదువువారెవరు? మన పిల్లలు బడిలో కన్నడము, ఆంగ్లము చదువుచున్నారు. ఇంట తెలుగు మాటాడుదురు గాని, 1957 ఏప్రిలులో నయాపైస వచ్చుటకు ముందటి అణాపైసల లెక్క, వీశెల లెక్క వారికి గ్రీకు లిపియే. చదువగలవారు పాత గుమాస్తాలు. వారిలో మన పేటలో మిగిలినవారు నాకు తెలిసి నలుగురు. చిన్నవానికి డెబ్బదియారేండ్లు. ప్రత్యేక సంచికకు కూడబెట్టు ధనముతో మొదట ఆ నలుగురిని కూర్చుండబెట్టి చదివించి, ప్రక్కన కాలేజీ పిల్లవానిచే వ్రాయింపవలెనని నా ప్రతిపాదన. ఛాయాచిత్రములు తరువాత.

కెనడాలో ఈటన్ అను సుప్రసిద్ధ దుకాణము 1869 లో పుట్టి 1999 లో మూతపడినది. దాని కాగితములు నేడు ఒంటారియో రాష్ట్ర పత్రాగారమున భద్రముగ నున్నవి. మనకు అంతటి భవనము వలదు. సంఘ కార్యాలయమున ఒక ఇనుప బీరువా, నాలుగు కలరాయుండలు చాలును. బీరువా నేనిచ్చుచున్నాను.

రాబోవు ఆదివారము ఉదయము పదిగంటలకు నా మూడు పుస్తకములతో సంఘ కార్యాలయమున కూర్చుందును. పుస్తకము మీదే, చదివి, నకలు తీసి మరల ఇచ్చెదము, రసీదు నా చేతి వ్రాతతో నిత్తును. ఇంతలో ఒక్క మనవి. పాత కాగితములవాడు మన వీథులకు శనివారమున వచ్చును. ఈ శనివారము అటక మీది బస్తాలను క్రిందికి దింపకుడు.