జాతకం లేని కార్లు

సుచిత్ర కూడలి నుంచి ఉత్తరానికి చూస్తే జాతీయ రహదారి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు సాగిపోతుంది. ఒకప్పుడు దాని సంఖ్య 7, ఇప్పుడు 44. పడమట జీడిమెట్ల పారిశ్రామికవాడ. తూర్పున అల్వాల్, బొల్లారం; వాటిని దాటితే శామీర్‌పేట మీదుగా కరీంనగరుకు పోయే రాజీవ్ రహదారి. ఈ రెండు రహదారుల నడుమ వెలసిన కాలనీలలో కాపురముండేవారికి కారు చాలాకాలంగా విలాసవస్తువు కాదు. బడి ఒక దిక్కున, ఉద్యోగం మరొక దిక్కున, ఆసుపత్రి ఇంకొక దిక్కున ఉంటాయి. అయితే కొత్త కారు కొనగల స్తోమతు అందరికీ ఉండదు. అందుచేత ఇక్కడ చాలా ఇళ్ళలో మొదటి కారు, మరొక ఇంటివారు వదులుకున్న కారే.

ఏ పాతకారు కొంటే నమ్మకంగా ఉంటుందని నలుగురిని అడిగి చూడండి, అయిదు జవాబులు వస్తాయి. మారుతి తప్ప మరొకటి ముట్టుకోవద్దంటారు ఒకరు. హ్యుండైలో ఉన్న సుఖం దేనిలోనూ లేదంటారు వేరొకరు. టొయోటా అయితే మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా చెక్కుచెదరదని మూడోవారు ప్రమాణం చేస్తారు. టాటా బండి ఇనుము ఇనుమేనని నాలుగోవారు బల్ల గుద్దుతారు. సినిమా కథానాయకుల అభిమానుల వాదాలకూ వీటికీ పెద్ద భేదం కనబడదు. వీరెవరూ అబద్ధం ఆడడం లేదు. ఏ రకం కారు మంచిదో తమకు తెలిసినంతలో చెబుతున్నారు. కొనేవాడికి తెలియవలసింది మాత్రం వేరు: తాను డబ్బు పోసి ఇంటికి తెచ్చుకోబోయే ఆ ఒక్క కారు మంచిదా, కాదా అన్నది.

యజమానుల అనుభవాలు పనికిరావని నేననను. జాగ్రత్తగా వింటే వాటిలో చాలా విషయం ఉంది. మారుతి 800 సంగతే చూడండి. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైంది. భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు వచ్చినందువల్ల హైదరాబాదు వంటి పెద్ద నగరాలలో 2010లోనే దాని అమ్మకం ఆగిపోయింది. మూడు దశాబ్దాల పాటు దానికి దక్కిన మంచిపేరు ఒక్క ఇంజను పుణ్యమే కాదు. వీధి చివరి షెడ్డులో కూడా విప్పి బిగించగల సరళమైన నిర్మాణం, ఏ ఊళ్ళోనైనా దొరికే విడిభాగాలు, దాని మీదే పని నేర్చుకున్న ఒక తరం మెకానిక్కులు: ఇవన్నీ కలిస్తేనే ఆ నమ్మకం. కారు చెడిపోకపోవడం ఎంత ముఖ్యమో, చెడిపోతే తేలికగా బాగుపడడం అంత ముఖ్యం.

టాటా ఇండికా కథ మరో పాఠం చెబుతుంది. 1998 చివర వెలువడిన ఆ కారు మొదటి విడత కొనుగోలుదారులు ఎన్నో ఫిర్యాదులు చేశారు. సంస్థ వాటిని సరిదిద్ది 2001లో వి2 అన్న పేరుతో మళ్ళీ తెచ్చింది. ఆ తరువాత అది బాగా అమ్ముడుపోయి, టాక్సీలవారికి అభిమానపాత్రమైంది. ఇప్పుడు "ఇండికా ఎలాంటిది?" అంటే ఏ ఇండికా, ఏ సంవత్సరపుది అని ఎదురు అడగక తప్పదు. పేరు ఒకటే అయినా అనుభవాలు రెండు.

ఇక సంస్థే వెళ్ళిపోతే? జనరల్ మోటార్స్ 2017 చివరకు మనదేశంలో షెవర్లే కార్ల అమ్మకం ఆపింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీని విరమిస్తున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటనల మర్నాడు ఆ కార్ల ఇంజనులలో ఏ మార్పూ లేదు. మారింది కొనేవాడి మనసు. విడిభాగాలు ఎన్నాళ్ళు దొరుకుతాయోనన్న బెంగ ధరలోకి దిగింది. కనుక మనం నమ్మకం అని పిలిచేది సగం యంత్రంలో ఉంటే, సగం దాని చుట్టూ ఉన్న లోకంలో ఉంది.

ఇంతవరకు నలుగురి మాటా పనికివస్తుంది. ఇక్కడి నుంచి పనికిరాదు. ఒకే నెలలో ఒకే కర్మాగారం నుంచి వెలువడిన రెండు కార్లు పదేళ్ళ తరువాత రెండు వేరు జాతులు. ఒకటి వేళకు నూనె మార్పించుకున్నది, ఇంకొకటి దీపం వెలిగాక గానీ షెడ్డు మొహం చూడనిది. "డాక్టరుగారి బండి సార్, సింగిల్ ఓనర్, ముప్పయి వేలే తిరిగింది" అన్న మాట ఏ పాతకార్ల దుకాణంలోనైనా వినిపిస్తుంది. తక్కువ తిరగడమే సుగుణమన్న భావన దాని వెనక ఉంది. అది పూర్తిగా నిజం కాదు. టైమింగు బెల్టు ఉన్న ఇంజనులలో దాన్ని కిలోమీటర్లను బట్టే కాక ఏళ్ళను బట్టి కూడా మార్చాలి. ఎందుకంటే రబ్బరు నిలబడి ఉన్నా ముసలిదవుతుంది. అది దారిలో తెగితే చాలా ఇంజనులలో వాల్వులు వెళ్ళి పిస్టన్లకు తగులుతాయి. ఆ మరమ్మతుకయ్యే ఖర్చు పాతకారు ధరతో పోటీపడుతుంది. 2020 ఏప్రిల్ తరువాతి డీజిలు కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పోవాలి. రోజూ సుచిత్ర నుంచి బోయినపల్లి దాకా రద్దీలో పాకి తిరిగివచ్చే డీజిలు కారుకు ఆ అవకాశం ఎక్కడిది? తక్కువ తిరగడమే దానికి జబ్బు. పైగా ఆ "ముప్పయి వేలు" అన్న అంకె చూపించే ఓడోమీటరును వెనక్కు తిప్పడం డిజిటలు కాలంలో కష్టమేమీ కాదు.

అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందన్న దానిమీద జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసం ప్రచురించాడు. దానిలో ఆయన తీసుకున్న ఉదాహరణ పాతకార్ల బజారే. అమెరికా వాడుకలో లోపాలపుట్ట అయిన కారును నిమ్మకాయ అంటారు. (మనం అదే నిమ్మకాయను దిష్టి తగలకుండా బండి ముందు వేలాడదీస్తాం, చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం!) ఆయన వాదం సరళం. మంచికారుకూ చెడ్డకారుకూ తేడా తెలియని కొనుగోలుదారు రెంటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధర మంచికారు యజమానికి గిట్టదు, కనుక అతడు అమ్మడం మానుకుంటాడు. బజారులో చెడ్డకార్ల పాలు పెరుగుతుంది, ధర ఇంకా దిగుతుంది. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం తెచ్చిపెట్టింది. మనకు మరింత దగ్గరి సంగతొకటి అందులో ఉంది. ఏకర్లాఫ్ 1967-68లో ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో ఉన్నాడు. బియ్యంలో అదే రంగు రాళ్ళు కావాలని కలిపి అమ్మితే మన ఇల్లాళ్ళు కూర్చుని ఏరుకోవలసివస్తుందన్న విషయాన్ని ఆ వ్యాసంలో ప్రస్తావించాడు. బియ్యంలో రాయి కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. కారులో రాయి అలా కాదు.

ఆ కనబడని రాయి ఎలాంటిదో ఈ ప్రాంతంవారికి 2020 అక్టోబరు చూపించింది. ఆ నెల 13న కురిసిన వానకు బేగంపేటలో ఒక్కరోజులో దాదాపు 19 సెంటీమీటర్లు నమోదైంది. ఇక్కడ జీడిమెట్ల ఫాక్స్ సాగర్ నిండి పొంగింది. కొంపల్లి ఉమామహేశ్వర కాలనీలోకి వచ్చిన నీరు రోజుల తరబడి తీయలేదు. నగరమంతటా ఎన్నో కార్లు మునిగాయి, కొన్ని కొట్టుకుపోయాయి. మునిగిన కారును తొందరపడి స్టార్టు చేస్తే సిలిండర్లలో చేరిన నీరు నలగదు కనుక కనెక్టింగు రాడ్లు వంగుతాయి. అంతటితో పోతే నయమే, ఎందుకంటే ఆ దెబ్బ బయటపడుతుంది. అసలు చిక్కు బయటపడనివాటితో. వైర్ల కలపుల్లో చేరిన బురదనీరు నెలల మీద నెమ్మదిగా తుప్పు పట్టిస్తుంది. ఇంజను కంట్రోలు యూనిట్టు, బ్రేకుల సెన్సార్లు, ఎయిర్‌బ్యాగుల తీగలు అన్నీ ఆ కలపుల మీదే ఆధారపడి ఉన్నాయి. బాగుచేయడం దండగని బీమావారు తేల్చిన బండ్లు వేలానికి పోతాయి. వాటిలో అన్నీ తుక్కుకే పోవు. కొత్త సీటుకవర్లు, మెరిసే పాలిష్, సుగంధపు సీసా తొడుక్కుని కొన్ని మళ్ళీ బజారులో నిలబడతాయి. పక్కజిల్లానుంచి వచ్చి కొనుక్కునే రైతుకో, టీచరుకో దాని గతం తెలిసే దారేది? ఇది కేవలం డబ్బు సంగతి కాదు. అవసరపడిన క్షణంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకోకపోతే ఆ దాపరికానికి మూల్యం ప్రాణమే.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. పాతకార్ల వ్యాపారం ఆ సూక్తిని మనస్ఫూర్తిగా పాటిస్తోంది. కాని పెళ్ళి విషయంలో రెండోవైపు వారు చేసే పని ఒకటుంది. జాతకాలు చూస్తారు, బంధువులను వాకబు చేస్తారు, అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలంటారు. కారు దగ్గరకు వచ్చేసరికి మనం చూసేది రంగు, చేసేది ఒక చిన్న చుట్టు, అడిగేది "ఫైనలు ఎంత?" అన్న ఒక్క మాట.

కారుకూ జాతకం ఉండాలి, అది కారుతోపాటే చేతులు మారాలి. నేను చెప్పదలచినది ఇంతే. సర్వీసింగు రసీదులు, మార్చిన భాగాల బిల్లులు, పాత బీమా పత్రాలు, ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లన్న లెక్క: అవన్నీ ఒక సంచిలో పెట్టి దాచేవారు మనలో లేకపోలేదు. అమ్మేటప్పుడు ఆ సంచిని చెత్తబుట్టలో వేసి తాళంచెవి మాత్రం ఇస్తాం. బ్రోకరు కూడా అదే కోరుకుంటాడు. బ్రిటనులో మూడేళ్ళు దాటిన కారుకు ఏటేటా జరిగే తనిఖీలో వచ్చిన లోపాలనూ కిలోమీటర్ల లెక్కనూ, బండి నంబరు తెలిస్తే ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మన పిల్లలు పాత కరోలా కొనబోయే ముందు దాని చరిత్రను డబ్బిచ్చి తెప్పించుకుంటారు. అక్కడ అలవాటైన పని ఇక్కడికి వచ్చేసరికి అనుమానం లాగా, అవమానం లాగా ఎందుకు కనిపించాలి?

మనకున్న దారులు కొన్ని ఉన్నాయి. వాహన్ వివరాల్లో యజమాని ఎన్నోవాడు, అప్పు తీరిందా, బీమా ఉందా అన్నవి తెలుస్తాయి. పాత బీమా పత్రంలో క్లెయిము చేయనివారికిచ్చే రాయితీని చూడండి. ఆ నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడు 20 శాతంతో మొదలై అయిదేళ్ళకు 50 శాతం అవుతుంది. చాలా ఏళ్ళుగా ఒకరి చేతిలోనే ఉన్న కారుకు అది హఠాత్తుగా సున్న అయితే, ఆ ఏడు ఏం జరిగిందని అడిగే హక్కు కొనేవాడికుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాతకార్ల దుకాణదారు అధీకృత గుర్తింపు పొందాలి, తనకు అప్పగించిన బండి వివరాలను రిజిస్ట్రేషను అధికారికి తెలపాలి. మంచిదే. కాని అది బండి ఎవరి దగ్గరుందో చెబుతుంది, బండికి ఏమైందో చెప్పదు. పూర్తిగా పాడయిందని బీమా సంస్థ పరిహారమిచ్చిన కారు సంగతి, ఆ కారు నంబరు కొట్టగానే ఎవరికైనా కనిపించాలి. ప్రభుత్వాన్ని మనం అడగవలసింది ఇది.

నిజం చెబితే ధర తగ్గుతుందని అమ్మేవారి వాదన. తగ్గుతుంది, కాదనను. కాని దాచేవారి మూలంగా అందరి కారు ధరా ఇప్పటికే తగ్గి ఉంది. నిజాయితీగా వాడుకున్నవాడు ఆ తగ్గింపును ఊరకే భరిస్తున్నాడు. అతడికి న్యాయం జరగాలంటే కాగితాల సంచి ఉన్న కారుకు కొనేవాడు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టాలి. కాగితాలు అమ్మేవాడికీ రక్షణే. ఫారం 29, 30 ఇచ్చి పేరు మార్పించకుండా తాళంచెవి అప్పగించినవారు గుర్తుంచుకోవలసిన తీర్పొకటుంది. ప్రమాదం జరిగితే పరిహారపు బాధ్యత రిజిస్ట్రేషనులో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో చెప్పింది.

కనుక ఇకమీదట ఎవరైనా "మా కారు బ్రహ్మాండం, కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు" అంటే, వారి సంతోషానికి సంతోషించి, కళ్ళు తెరుచుకునే నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఏ సంవత్సరపుది? ఎన్ని చేతులు మారింది? ఏ దారుల్లో తిరిగింది? కాగితాలేవి? నాలుగింటికీ జవాబున్న మామూలు కారు, ఒక్కదానికీ జవాబు లేని మేలుజాతి కారు కన్నా నమ్మదగినదని నా అభిప్రాయం. మనం అమ్మే రోజు వచ్చినప్పుడు ఆ నాలుగు జవాబులూ అడగకముందే ఇవ్వగలగాలి. మన బండిలో రేపు ఎక్కబోయేది మనకు తెలియని ఒక కుటుంబం.