డాలరు పుట్టిన లోయ

మా వల్లూరు వైపు పెళ్లి కుదిరిందంటే బంగారానికి ప్రొద్దుటూరుకే ప్రయాణం. ఈమధ్య మా అక్కతో నేనూ వెళ్లాను. కూతురి గొలుసుకు డాలరు కావాలి. అంగడాయన వరసగా పరిచాడు: లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి, ఓంకారం.

"అమెరికా డబ్బుకూ దీనికీ ఒకటే పేరేందిరా?" అంది అక్క.

జవాబు అయిదొందల ఏళ్ల కిందటిది. చెక్ దేశంలో, జర్మనీ సరిహద్దున యాఖిమోవ్ అనే చిన్న ఊరుంది. అప్పట్లో అక్కడుండేది జర్మన్లు. వాళ్లు పెట్టుకున్న పేరు యోఆఖిమ్స్‌టాల్, అంటే యోఆఖిమ్ లోయ. అక్కడ వెండి గని బయటపడింది. ష్లిక్ వంశపు ప్రభువులు 1520 నాటికి ఆ వెండితో నాణేలు కొట్టించారు. ఒక్కోటి సుమారు 29 గ్రాములు. పాత లెక్కన రెండున్నర తులాలు! ఒకవైపు యోఆఖిమ్ బొమ్మ. ఈయన ఏసుక్రీస్తు తల్లి మరియమ్మకు తండ్రి. రెండోవైపు బొహీమియా రాజ్యపు గుర్తు, రెండు తోకల సింహం. జనం నమ్మాలంటే అటు దేవుడూ ఇటు రాజూ పూచీ పడాలి మరి. మన విజయనగరం వరహాల మీదా అంతేగా, ముందు దేవుడు, వెనక రాయలవారి పేరు.

అంత పొడుగు పేరు ఎవరంటారు? చివరి ముక్క పట్టుకుని 'టాలర్' అన్నారు. డచ్చివాళ్ల నోట డాల్డర్, ఇంగ్లీషువాళ్ల నోట డాలరు అయింది. 1792లో అమెరికా తన నాణేల చట్టంలో ఆ పేరే రాసుకుంది. దేవుడి బొమ్మ సంగతి చూస్తే, ఆ పాత నాణేనికి అమెరికా నోటుకన్నా మా అక్క డాలరే దగ్గరి చుట్టం.

కథ అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. ఆ గనిలో వెండితోపాటు నల్లరాయి ఒకటి వచ్చేది. పనికిరాదని పారేసేవాళ్లు. 1898లో క్యూరీ దంపతులు రేడియం కనుక్కున్నది ఆ రాతిలోనే. అది యురేనియం ఖనిజం. తరతరాలుగా అక్కడి గని కూలీలు ఊపిరితిత్తుల జబ్బుతో పోయేవాళ్లు. అది కేన్సరని తేలడానికి వందల ఏళ్లు పట్టింది.

"యురేనియమంటే మన పులివెందుల కాడ తుమ్మలపల్లెలో తీసేదేనా?" అన్నాడు అంగడాయన తక్కెడ ఆపి.

అదే. 2012లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. తర్వాత బోరునీళ్లు చెడిపోయాయనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. యాఖిమోవ్ కూలీలకు ఆ రాయేమిటో తెలియదు. మనకు తెలుసు.

స్వామివారి డాలరు అక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఒరే, పెండ్లికొడుకోళ్ల తోట ఆ పక్కనే గదా. బోరు ఎట్లుందో అడిగినామా?"