కంప్యూటర్ గదిలోని పన్నెండు లాప్‌టాప్‌లను అమ్మవద్దు

మన బడి కంప్యూటర్ గదిలో ఉన్న పన్నెండు లాప్‌టాప్‌లు పనికిరావట. వాటిని పాత సామాన్ల అంగడికి వేసి, వచ్చిన డబ్బుకు ఇంకొంత కలిపి కొత్తవి మూడు కొనాలని పెద్దలు అనుకుంటున్నారు. పోయిన తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట వచ్చినప్పుడు ఎవరూ కాదనలేదని విన్నాను. నేను కాదంటున్నాను. పదో తరగతి పిల్లకు ఇందులో ఏం తెలుసు అనుకునేవాళ్లు కొంచెం ఓపిక పట్టి చదవండి.

ముందు ఒక చిన్న లెక్క. మా తరగతిలో ముప్పై ఆరు మంది ఉన్నాము. పన్నెండు ఉంటే ముగ్గురికి ఒకటి. మూడు కొంటే పన్నెండు మందికి ఒకటి. అప్పుడు ఒకరు టైపు చేస్తారు, ఇద్దరు పక్కన నిలబడి చెప్తారు, మిగతా తొమ్మిది మంది కిటికీలో నుంచి రోడ్డు చూస్తారు. ఆ తొమ్మిది మందిలో ఎక్కువగా ఉండేది ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లే, ఎందుకంటే తెలిసినవాళ్లే ముందుకు తోసుకొని పోతారు.

ఇంతకీ ఆ లాప్‌టాప్‌లకు వచ్చిన రోగం ఏమిటి? తెర పగలలేదు, కీబోర్డు బాగుంది. నెమ్మది, అంతే. బటన్ నొక్కి, సారు హాజరు తీసుకొని, పాఠం పేరు బోర్డు మీద రాసినా ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. దీనికి కారణం లోపల ఉన్న హార్డ్ డిస్క్. అది పాత గ్రామఫోన్ రికార్డు లాంటి పళ్లెం. లాప్‌టాప్‌లలో సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు దాదాపు 11 మిల్లీసెకన్లు. దాని మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదిలి, కావలసిన చోటు తన కిందికి వచ్చేదాకా ఆగి చదువుతుంది. పెద్ద సినిమా ఫైలు ఒక్కటే చదవాలంటే ఫరవాలేదు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు ఒక్కొక్కటి ఒక్కో మూల నుంచి తేవాలి. ప్రతిదానికీ ఆ చెయ్యి పరుగెత్తాలి. సెకనుకు వంద దాకా తెస్తే గొప్ప. ప్రాసెసర్ పాపం చేతులు కట్టుకొని కూర్చొని ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు. అన్నీ చిప్పులే. ఏ మూల ఉన్నదైనా దాదాపు ఒకే వేగంతో, సెకనుకు వేలకొద్దీ అందిస్తుంది. మన లాప్‌టాప్‌లలో ఉన్నది రెండున్నర అంగుళాల సాటా డిస్క్, అదే కొలతలో ఎస్‌ఎస్‌డీ దొరుకుతుంది. పాతది తీసి అదే గూట్లో పెట్టడమే. కాలికి ముల్లు గుచ్చుకుంటే ముల్లు తీస్తాము గాని మనిషిని మారుస్తామా?

మా ఇంట్లో 2016 నాటి లాప్‌టాప్ ఉంది. మా అక్క కాలేజీకి కొన్నది. హోసూరులో ఒక అంగడి ఆయన దాన్ని చూసి "ఇది అయిపోయిందమ్మా, కొత్తది తీసుకో" అన్నాడు. అక్క బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి 1,650 రూపాయలకు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 400 రూపాయలకు దాన్ని బయటి నుంచి తగిలించే యూఎస్‌బీ కేబుల్ తెచ్చింది. ఒక ఆదివారం ఇద్దరం కూర్చొని పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదానికి మార్చాము. నకలు తీయడానికి గంటన్నర, మూత విప్పి బిగించడానికి అర్ధగంట. ముందు నాలుగు నిమిషాలు పట్టేది ఇప్పుడు ఇరవై ఐదు సెకన్లు. మా నాయన గోడ గడియారం చూసి కొలిచాడు.

అదే లెక్కన పన్నెండింటికి 19,800 రూపాయలు, కేబుల్ ఒక్కటి చాలు కాబట్టి మొత్తం 20,200. ఈ డబ్బుకు మంచి కొత్త లాప్‌టాప్ ఒక్కటి కూడా రాదు.

ఇప్పుడు ఇంకో రకం వాళ్లకు జవాబు చెప్పాలి. వాళ్లు "ఎస్‌ఎస్‌డీ వేద్దాం సరే, కానీ పాతదాన్ని మార్చడం ఏమిటికి, ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తే శుభ్రంగా ఉంటుంది" అంటారు. తొమ్మిది లాప్‌టాప్‌ల విషయంలో నాకు అభ్యంతరం లేదు, వాటిలో దాచుకోవలసింది లేదు. కానీ కిటికీ పక్కన ఉన్న మూడింటిలో మన పత్రిక పాత సంచికలు, తెలుగు సారు ఏళ్లుగా టైపు చేసిన ప్రశ్నపత్రాలు ఉన్నాయి. అవన్నీ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు కనపడదు, పిచ్చి గీతలు, ఇంగ్లీషు గుర్తులు కనపడతాయి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం కదా అంటే చాలదు, వాటిని చదివే ఏర్పాటు కూడా కావాలి. ఆ సీడీలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. ఫార్మాట్ చేసే అంగడి అన్నకు తెలుగు అక్షరం రాదు. ఇది తమిళనాడు, అది ఆయన తప్పు కాదు. ఆ గీతలు చూసి "ఫైలు పాడైంది" అని చెరిపేస్తాడు. మన అక్షరాల బాధ్యత ఆయనది కాదు, మనది. అందుకే ఆ మూడింటిని ఉన్నది ఉన్నట్టు క్లోన్ చెయ్యాలి.

చెయ్యడంలో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ముఖ్యమైన ఫైళ్లకు ముందే వేరే నకలు తీసి పెట్టుకోవాలి, పాత డిస్క్ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. సి డ్రైవ్ ఒక్కటే నకలు తీస్తే కంప్యూటర్ లేవదు. కంప్యూటర్‌ను లేపే చిన్న పార్టిషన్లు దాని పక్కనే కనపడకుండా ఉంటాయి, అవీ రావాలి. మన డిస్కులు 320 జీబీ, కొనేది 240. వాడింది అరవై జీబీయే అయినా, క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ముందు పార్టిషన్‌ను కుదించాలి, లేకపోతే అది ఒప్పుకోదు. పని అయ్యాక మొదటిసారి కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టి లేపాలి. ఇవి తొమ్మిదో తరగతి వాళ్లకు కూడా నేర్పించవచ్చు. చెప్పాలంటే కంప్యూటర్ పీరియడ్‌లో ఇంతకంటే మంచి పాఠం ఏముంది?

ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుంది అంటారు. మేము కొన్నదానికి 80 టెరాబైట్లు రాసేవరకు హామీ ఉంది. రోజుకు 20 జీబీ రాసినా పదేళ్లు దాటుతుంది. మన గదిలో వారానికి కూడా అంత రాయము.

గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేసి పోను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ కావాలి, మనవాటికి అవి లేవు. ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇది తీరదు. ర్యామ్ కూడా నాలుగు జీబీయే, అది పెరగదు. కానీ దీనికి అమ్మడమే మందు కాదు. ఆ మూడింటిని ఇంటర్నెట్ లేకుండా పత్రిక పనికి ఉంచుకుందాం. మిగతా తొమ్మిదిలో లినక్స్ మింట్ వేద్దాం. అది ఉచితం, నాలుగు జీబీలో నడుస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. ఇకమీదట మేమంతా యూనికోడ్‌లోనే టైపు చేస్తే మా తరువాతి వాళ్లకు ఈ ఫాంటు గోల ఉండదు.

ఇంకొక సంగతి పెద్దలు ఆలోచించినట్టు లేదు. ఆ డిస్కులలో మా మార్కులు, మా ఇళ్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. డిలీట్ నొక్కినంత మాత్రాన అవి పోవు, తిరిగి తీయడం వచ్చినవాళ్లు తీస్తారు. అలాగే తీసుకొని పోయి కిలోల లెక్కన తూకం వేస్తారా?

నేను అడిగేది ఇంతే. అమ్మే ముందు ఒక్క లాప్‌టాప్ ఇవ్వండి, కిటికీ పక్కనవాటిలో ఏదైనా సరే. 1,650 రూపాయలు మా తరగతి వాళ్లం పోగు చేస్తాము. కేబుల్ మా ఇంట్లో ఉంది, అక్క శనివారం వస్తానంది. సోమవారం పొద్దున సమితి పెద్దలు వచ్చి వాళ్ల చేత్తోనే బటన్ నొక్కి, పత్రిక పాత సంచిక ఒకటి తెరిచి చూడండి. పాత సామాన్ల ఆయనకు ఆ తరువాత ఫోన్ చెయ్యవచ్చు.