ఒకే డబ్బా... నాలుగు మొహాలు!

లాల్‌దర్వాజా బోనాల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆషాఢమాసం ఆదివారం, సింహవాహిని మహంకాళి గుడిదాకా ఇసకేస్తే రాలనంత జనం, ఒళ్ళంతా పసుపు పూసుకున్న పోతరాజులు, డప్పులు, వేపమండలు! అయితే ఆ పొద్దున మా యింట్లో గుడి దగ్గరకన్నా పెద్ద తోపులాట అద్దం ముందు జరుగుతుంది. వున్నది ఒక్కటే నిలువుటద్దం. దానికి మొహాలు నాలుగు. డెబ్భై దాటిన మా అమ్మ, యాభైకి చేరువలో వున్న నేను, ముప్ఫై రెండేళ్ళ మా మరదలు, మా దగ్గరుండి చదువుకుంటున్న మా అక్క కూతురు. ఆ పిల్లని ఇక్కడ చిట్టి అందాం. అసలు పేరు రాస్తే నా కాలమ్‌కి అదే ఆఖరివారం!

మూడేళ్ళనాటి మాట. చిట్టికప్పుడు పంతొమ్మిది. ఓ సాయంత్రం చిన్న తెల్లడబ్బా పట్టుకొచ్చింది. దానిమీద కంపెనీ పేరు లేదు, ఏం కలిపారో లేదు, తయారుచేసిన తేదీ లేదు.

"చిన్నమ్మా, కాలేజీల అందరు గిదే పెట్టుకుంటుండ్రు. వారంల మొటిమలు పోతయంట. తెల్లగ గూడ అయితరంట!" అంది.

నిజంగానే వారంలో మొటిమలు పోయాయి. బుగ్గలు నున్నగా మెరిశాయి. "అబ్బో, హీరోయిన్‌లాగున్నావే!" అన్నది ఎవరనుకున్నారు? నేనే! రెండో డబ్బాకి డబ్బులిచ్చిందీ నేనే. ఇక ఆ డబ్బా యింటి ఉమ్మడి ఆస్తి అయిపోయింది. మరదలు మంగుమచ్చలకి రాసుకుంది. నేను కళ్ళకింద ముడతలకి రాసుకున్నాను. అమ్మ ఎండిపోయిన చేతులకి రాసుకుని, "సల్లగుందే, గంధం పూసినట్టు!" అని మురిసిపోయింది. మేం ముగ్గురం రెండుమూడుసార్లతో ఆపేశాం గాని, చిట్టి మాత్రం అయిదునెలలు రోజూ రాసుకుంది.

సరిగ్గా బోనాలకి పదిరోజుల ముందు డబ్బా అయిపోయింది. మళ్ళీ కొనేలోగా మొహం ఎర్రబారింది. మంట! నీళ్ళు తగిలినా మంటే. పోయిన మొటిమలు చుట్టాల్ని వెంటేసుకుని వచ్చినట్టు గుంపులుగా వచ్చాయి. బుగ్గలమీద సన్నటి నూగు కూడా మొలిచింది. బోనాలనాడు యింటిల్లిపాదీ గుడికి బయల్దేరితే, ఆ పిల్ల మొహానికి చున్నీ చుట్టుకుని గది తలుపేసుకుంది. అద్దానికి దుప్పటి కప్పింది. వీధిలో డప్పు మోగుతుంటే లోపల ఆ పిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు నాకిప్పటికీ వినిపిస్తుంది.

మర్నాడు చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చిట్టి మొహంవంక ఒక్కసారి చూసి, "డబ్బా తెచ్చారా?" అని అడిగింది. ఆశ్చర్యపోయాను. మాలాంటివాళ్ళు ఆవిడకి వారంవారం వస్తున్నారట! ఆ డబ్బాలో వున్నది స్టెరాయిడ్ అయివుంటుందన్నది. ఇది ఎగ్జిమా, దురద లాంటివాటికి డాక్టరు కొన్నిరోజులకి మాత్రమే రాసే మందు. మొహానికి నెలల తరబడి పూస్తే పైకి నునుపు, లోపల చర్మం పలచన. ఆపేసిన మరుక్షణం అణిగివున్న వాపంతా ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. అది చూసి భయపడి మళ్ళీ రాస్తారు. అలా అలవాటైపోతుంది.

ఈ బెడద మన ఒక్క యింటిదే కాదు. 2018లో కేంద్రప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. తెల్లబరిచే క్రీముల్లో ఇంకో దొంగ పాదరసం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరాతీస్తే, వాళ్ళలో చాలామంది పేరూవూరూ లేని తెల్లబరిచే క్రీములు వాడుతున్నవాళ్ళేనని తేలింది. మొహానికి పూసింది మూత్రపిండాలదాకా పోయిందన్నమాట!

ఇదంతా సినిమా పత్రికలో ఎందుకంటారా? అసలు ఈ తెల్లతోలు పిచ్చి మనకెక్కడ అంటుకుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించింది మొదలు, తారల చర్మం చూసే మనం సబ్బులు కొంటున్నాం. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' అన్నమాట 2020లోగాని తొలగలేదు. నలభై అయిదేళ్ళు! రెండు తరాల ఆడపిల్లలు ఆ మాట చదువుకుంటూ పెరిగారు.

తెరమీద మీకు కనిపించేది చర్మం కాదు తల్లీ, మేకప్! మన సికింద్రాబాదులో పుట్టిన తమిళ రచయిత అశోకమిత్రన్ మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేశాడు. అక్కడి రోజులమీద ఆయన రాసిన పుస్తకంలో పాన్‌కేక్ అనే మేకప్ సరుకు లారీలకొద్దీ దిగేదన్న ముచ్చట వుంది. 1962లో 'భీష్మ' వచ్చేనాటికి ఎన్.టి.రామారావుగారికి నలభై నిండలేదు. అయినా తెల్లగడ్డంతో ముదుసలి పితామహుడైపోయారు. రంగుతో వయసు పెంచగలిగినవాళ్ళు తగ్గించలేరా? దానికితోడు లైట్లు, కెమెరా. ఇప్పుడు కంప్యూటరు కూడా! ఫోనులో రీలు చూసి 'నా మొహం అలా ఎందుకు లేదు' అని కుమిలిపోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ... ఆ రీలులో వున్నావిడ మొహం కూడా అలా వుండదు!

సరే, అసలు సంగతికొద్దాం. ఆ రోజు డాక్టరమ్మ చెప్పినమాట ఒకటి నా బుర్రలో నాటుకుపోయింది. "స్టెరాయిడ్ లేని మంచి క్రీమే అయినా, నలుగురికీ ఒకటే ఎలా సరిపోతుందమ్మా? నాలుగు వయసులు, నాలుగు చర్మాలు!"

ఔను మరి. మా అమ్మ చిన్నప్పుడు యింటికో స్నో డబ్బా వుండేది. 1919లో బొంబాయిలో పాటన్‌వాలా మొదలుపెట్టిన అఫ్గన్ స్నో అంటే ఆ రోజుల్లో గొప్ప మోజు. పెళ్ళికూతురుకీ అదే, పెళ్ళికూతురి తల్లికీ అదే. ఆ అలవాటే మాకూ వచ్చింది. కాని ఒక్క కొబ్బరినూనె సంగతి చూడండి. మా అమ్మ పిక్కలమీద తెల్లగా పొరలేచే చర్మానికి అది అమృతం. అదే నూనె చిట్టి నుదుటిమీదికి కారితే మొటిమల పంట! నూనె మారలేదు, వయసు మారింది. అంతే తేడా.

అందుకని వయసులవారీగా చెబుతాను, వినండి.

పదమూడునుంచి ఇరవైదాకా: ఒంట్లో హార్మోన్లు ఎగిరిపడే కాలం. చర్మంలోని నూనెగ్రంథులు అతిగా పనిచేస్తాయి. రంధ్రాలు మూసుకుపోతే మొటిమలు. రోజుకి రెండుసార్లు గాఢత తక్కువ ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. తోమితోమి వదిలిపెట్టకండి, అది మొహం, ఇత్తడి బిందె కాదు! మాయిశ్చరైజరు జెల్‌లాగా పలచగా వుండాలి. సీసామీద 'నాన్ కామెడోజెనిక్' అని వుందో లేదో చూడండి. రంధ్రాలు మూయదని దానర్థం. మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది. రెండున్నర శాతంతో మొదలుపెట్టాలి. తువ్వాలు రంగు వెలిసిపోతుంది, జాగ్రత్త! నిమ్మరసం, టూత్‌పేస్టు మొటిమలమీద పెట్టకండి. ఎర్రగా కాలి, మచ్చ మిగులుతుంది. మగపిల్లలూ, నవ్వకండి. ఇదంతా మీక్కూడా. మొటిమ గిల్లినచోట గుంట మిగలడానికి ఆడా మగా తేడా లేదు.

ఇరవైనుంచి ముప్ఫై అయిదుదాకా: ఇప్పుడు అసలు శత్రువు ఎండ. మన గోధుమరంగు, చామనఛాయ చర్మాలకి ముడతలకన్నా ముందు మచ్చలొస్తాయి. మంగు ఎక్కువగా కనిపించేది ఈ వయసులోనే, గర్భవతులకి మరీను. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గకుండా, పక్కన పి.ఎ. గుర్తుతో ప్లస్సులు వుండేట్టు చూసుకోండి. మొదటిది చర్మాన్ని మాడ్చే కిరణాలకి లెక్క, రెండోది లోపలికంటా దిగే కిరణాలకి. ఆ రెండో రకం కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా తప్పదు! చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా గీతలా పెట్టుకుంటే ఎంతవుతుందో, మొహానికీ మెడకీ అంత కావాలి. బొట్టుపెట్టినంత రాసుకుని 'పనిచెయ్యలేదు' అనకండి. ఎండలో తిరిగేవాళ్ళు రెండుగంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి. మంగు వున్నవాళ్ళకి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. మామూలు వెలుతురు కూడా మంగుని ముదరబెడుతుంది మరి.

ముప్ఫై అయిదునుంచి అరవైదాకా: కుర్రతనంలో చర్మం పైపొర సుమారు నెలరోజులకోసారి కొత్తదవుతుంది. వయసుతోపాటు అది నెమ్మదిస్తుంది. చర్మాన్ని బిగువుగా పట్టివుంచే కొల్లాజెన్ తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్ళకి ముట్లుడిగిన మొదటి కొద్దేళ్ళలో మరీ త్వరగా తగ్గుతుంది. నూనె తగ్గి, నిన్నటి ఫేస్‌వాష్ ఇవాళ బిర్రుగా అనిపిస్తుంది. అదే మారాలని గుర్తు! నురగ తక్కువుండే క్లెన్సరు, చిక్కటి మాయిశ్చరైజరు తీసుకోండి. ముడతలకి నిజంగా పనిచేసే కొద్దివాటిలో రెటినాల్ ఒకటి. రాత్రిపూట, శనగగింజంత, మొదట్లో వారానికి రెండురోజులే. గర్భిణులు, పిల్లలకోసం చూస్తున్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. నేను మొదటివారమే రోజూ రాసుకుని మొహం పొట్టురేగితే, "ఏందే, ఉల్లిగడ్డలెక్క పొట్టు లేస్తున్నవ్?" అంది మా అమ్మ!

అరవై దాటాక: చర్మం పలచబడుతుంది, ఎండిపోతుంది, దురద పెడుతుంది. వేడివేడినీళ్ళ స్నానం, ఒళ్ళంతా సబ్బు, సున్నిపిండితో గట్టిగా రుద్దుడు — ఈ మూడూ మానిపించండి. గోరువెచ్చని నీళ్ళు చాలు. సబ్బు చంకలకీ, గజ్జలకీ, పాదాలకీ సరిపోతుంది. స్నానమయ్యాక ఒళ్ళు తడితడిగా వుండగానే గ్లిజరిన్ కలిసిన క్రీమో, వాజిలీనో రాస్తే ఆ తడి లోపల నిలుస్తుంది. పరిమళాలు లేనివైతే ఇంకా మంచిది. అయినా దురద తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఒక్కోసారి అది చర్మానిది కాదు, లోపలి జబ్బుది కావచ్చు.

ఏ వయసువాళ్ళయినా సరే, కొత్తది కొన్నాక ముందు మోచేతి మడతలో వారంరోజులు రాసి చూడండి. ఒకేసారి నాలుగు మొదలుపెట్టకండి. కందిపోతే ఏదివల్లో తెలిసిచావదు! పేరు, కలిపిన సరుకులు, లైసెన్సు నంబరు, తేదీలు లేని డబ్బా ఎవరిచ్చినా తీసుకోకండి. ప్రాణస్నేహితురాలిచ్చినా సరే! మూడురోజుల్లో తెల్లబరిచేది ఏదైనా వుందంటే, దానికి భయపడండి. ఖరీదు చూసి మోసపోకండి. మందులషాపులో దొరికే మామూలు గ్లిజరిన్ క్రీము చేసేపని, గాజుసీసాలో వెండిమూతతో వచ్చేది కూడా చేస్తుంది. సీసా డబ్బులే ఎక్కువ!

ఇక చిట్టి సంగతి. తేరుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. డాక్టరమ్మ మందులు తక్కువే రాసింది, ఓపిక ఎక్కువ రాసింది. ఆ పిల్ల కాలేజీకి చున్నీ లేకుండా వెళ్ళిననాడు నేను గుమ్మంలో నిలబడి, సుధా టాకీస్ వైపు మలుపు తిరిగేదాకా చూశాను. ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఏంది చిన్నమ్మా, గట్ల జూస్తున్నవ్?" అంది. ఏం చెప్పను? ఆ పిల్ల మొహం బాగాలేదని నేనెప్పుడూ అనలేదు. కాని తెల్లబడ్డనాడు మాత్రం హీరోయిన్ అన్నాను. అంటే అంతకుముందు కాదనేగా! ఆ డబ్బాకి డబ్బులివ్వడంకన్నా ఆ మాటే పెద్ద తప్పని నాకిప్పుడు తోస్తోంది.

పోయిన బోనాలకి చిట్టి నెత్తిన బోనం ఎత్తుకుంది. రెండుమూడు మచ్చలు ఇంకా వున్నాయి. ఆ చామనఛాయ బుగ్గమీద చెమట, నుదుట పెద్ద కుంకుమబొట్టు, నెత్తిన దీపం! మా అమ్మ ఆ పిల్ల మొహంవంక తేరిపారజూసి, "అమ్మవారే నడిచొస్తున్నట్టుంది బిడ్డా!" అంది. ఏ డబ్బాలోనూ దొరకని మాట అది.

మా అద్దం ముందు ఇప్పుడు నాలుగు డబ్బాలున్నాయి. నాలుగింటిమీదా పేర్లు రాసుకున్నాం. తోపులాట మాత్రం మానలేదు. అద్దం ఒక్కటేగా!

మీ యింట్లో పేరులేని డబ్బా ఏదైనా వుందేమో, ఈ పేజీ తిప్పేముందు ఒక్కసారి లేచి చూడండి. అయితే నెలల తరబడి మొహానికి రాస్తున్నదైతే మీ అంతట మీరే ఆపకండి. డబ్బా చేతబట్టుకుని తిన్నగా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

వచ్చేవారం కలుద్దాం!