ఇంటి పత్రాలు పెట్టి ఎంబీఏకు పోవాలా?



పోయిన దసరా సెలవుల్లో ముళబాగిల్లో మా ఇంట్లో నాలుగు రోజులు ఒకటే మాట. ఎంబీఏ చెయ్యాలంటే బెంగళూరులోనా, బయటి దేశంలోనా? చదవాలని ఉన్నది ఇది రాస్తున్న మనిషికే. అయినా "మేము" అనే రాస్తున్నాం. ఎందుకంటే తాత కట్టిన ఆ ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది, భాగాలు కాలేదు. అప్పుకు దాన్ని చూపించాలంటే అవ్వ, నాయన, చిన్నాయన, హోసూరులో ఉండే అత్త, అందరూ బ్యాంకులో కూర్చుని సంతకాలు పెట్టాలి. ఒకరి చదువుకు ఇన్ని చేతులు కావాల్సి వచ్చినప్పుడు "నేను" అని రాస్తే అబద్ధమవుతుంది.

మా సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఏబీసీడీలు నేర్చింది ఐదో క్లాసులో. ఎస్సెల్సీ దాకా లెక్కలు, సైన్సు అన్నీ కన్నడంలోనే. పీయూసీలో చేరిన రోజు లెక్చరరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత ఇంజనీరింగు, బెంగళూరు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పన్నెండేళ్ళయింది. వేరే వాళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం మా పని. ఇప్పుడు ఆ పనిలో సగం ఆటోమేషన్ చేస్తోంది, మిగిలిన దాంట్లో టెస్టు కేసులు రాయడానికి ఏఐ వచ్చి కూర్చుంది. ముప్పై ఆరేళ్ళ వయసులో ఇదే కుర్చీలో ఇంకా ఇరవై ఏళ్ళు గడుస్తాయనే నమ్మకం లేదు. కాబట్టి మేనేజ్‌మెంట్ వైపు పోవాలనే ఆలోచన సరదాకు పుట్టింది కాదు.

బయటి దేశం మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, మదనపల్లెలో ఒక పెళ్ళి నుంచి. అక్కడి చుట్టాల్లో ప్రతి ఇంటికీ ఒకరు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. "ఇంకా బెంగుళూర్లోనే ఉండావా అబ్బోడా?" అని ఒక పెద్దాయన అడిగినాడు. ప్రేమగానే అడిగినాడు, కానీ ఆ "ఇంకా" అనే మాట ముళ్ళులా గుచ్చుకుంది. మూడు తరాల కింద ఊరు దాటి వచ్చిన వాళ్ళం మేము. ఆ లెక్కన ముందు వలస పోయింది మేమే. అయినా ఇప్పుడు వాళ్ళ కళ్ళకు కదలకుండా కూర్చున్న వాళ్ళంగా కనిపిస్తున్నాం. ఆంధ్రలో, తెలంగాణలో ఒక పిల్లవాడు డల్లాస్‌లో దిగితే రూము చూపించడానికి వాళ్ళ కాలేజీ సీనియర్లు నలుగురు ఉంటారు. మన పిల్లలకు ఆ తాడు లేదు. కర్ణాటకలో, ఒడిశాలో, సోలాపూరులో పెరిగిన తెలుగు పిల్లలు అక్కడికి పోయినా ఒంటరిగానే దిగాలి. ఈ తేడా చూడకుండా వాళ్ళను చూసి మనం పరిగెత్తడం సరికాదని మా అభిప్రాయం.

తర్వాత ఒక కన్సల్టెన్సీకి పోయాం. పేరు ఎందుకులెండి. ఏసీ గది, గోడ నిండా నవ్వుతున్న పిల్లల ఫోటోలు. అరగంటలో ఏడు కాలేజీల పేర్లు రాసిచ్చారు. మా వయసు అడిగారు, జీతం అడిగారు, ఇల్లు సొంతమా అని అడిగారు. ఎంబీఏ ఎందుకు చెయ్యాలనుకుంటున్నారని మాత్రం అడగలేదు. రిక్వైర్‌మెంటే చూడకుండా టెస్టు పాసని రాసేసినట్టుగా తోచింది మాకు.

లెక్క మేమే వేసుకున్నాం. అమెరికాలో పేరున్న కాలేజీలో రెండేళ్ళ ఎంబీఏ అంటే ఫీజు, తిండి, అద్దె కలిపి కోటిన్నర దాటుతుంది. ఆ మాట అక్కడే వదిలేశాం. బ్రిటన్‌లో చాలా చోట్ల ఒక్క ఏడాదే, మేము చూసిన వాటిలో యాభై లక్షలకు అటూ ఇటూ. సరే, యాభై లక్షలే అనుకుందాం. పది శాతం వడ్డీకి మొదటే అంతా తీసుకుంటే, చదివే ఏడాది, ఆ తర్వాత ఆరు నెలలు కట్టకుండా ఉండొచ్చు. కానీ వడ్డీ నిద్రపోదు. ఆ ఏడాదిన్నరలో ఏడున్నర లక్షలు పెరుగుతుంది. యాభై ఏడున్నర లక్షలకు పదేళ్ళ వాయిదా అంటే నెలకు సుమారు 76 వేలు. పైగా ఆ ఏడాది జీతం ఉండదు. బెంగళూరు అద్దె, పిల్ల స్కూలు ఫీజు మాత్రం అలాగే ఉంటాయి.

పౌండ్లలో ఉద్యోగం దొరికితే ఆ 76 వేలు పెద్ద లెక్క కాదు, నిజమే. దొరక్కపోతే? అక్కడ చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ళు ఉండనిస్తున్నారు, 2027 జనవరి నుంచి దరఖాస్తు పెట్టేవాళ్ళకు అది పద్దెనిమిది నెలలే. 2024 జనవరి నుంచి ఇలాంటి కోర్సులకు పోయేవాళ్ళు భార్యాపిల్లల్ని వెంట తీసుకుపోయే వీలు కూడా లేదు. అమెరికాలో హెచ్-1బీ లాటరీ సంగతి చిన్నపిల్లలకూ తెలుసు, ఏడాదికి 85 వేల వీసాలు. 2025 సెప్టెంబరులో బయటి దేశం నుంచి కొత్తగా పిలిపించుకునే మనిషికి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఇరవై రెండేళ్ళ వాడు ఈ గాలివాటానికి తట్టుకుంటాడు. పెళ్ళయి, పిల్ల రెండో క్లాసులో ఉన్నవాడికి ఒక్క రూలు మారితే ఇల్లంతా ఊగుతుంది.

ఇక తాకట్టు సంగతి. విద్యా రుణాల్లో బ్యాంకులు మామూలుగా పాటించే పద్ధతి ఇది: నాలుగు లక్షల దాకా ఏమీ అడగరు, ఏడున్నర లక్షల దాకా జామీను అడగొచ్చు, దాటితే ఆస్తి చూపించాలి. విదేశాల్లో బాగా పేరున్న కొన్ని కాలేజీలకైతే ఆస్తి లేకుండా ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. మాకు దొరికే కాలేజీలు ఆ జాబితాలో లేవు. పొలం చూపిద్దామంటే చాలా బ్యాంకులు వ్యవసాయ భూమి తీసుకోవు. పహణీ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. మిగిలింది ఇల్లే.

అవ్వ పెట్టె తెరిచింది. పత్రాలు పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉన్నాయి. చిన్నాయన ఏమీ అనలేదు. ఆయనకు ఇంకా ఇద్దరు ఆడపిల్లల చదువులు ఉన్నాయి, ఆ ఇంట్లో ఆయనకూ భాగం ఉంది, ఎదురు చెబితే అన్న కొడుకు చదువుకు అడ్డం పడినట్టవుతుంది. అత్త మాత్రం హోసూరు నుంచి వచ్చి నేరుగా అడిగింది. "నువ్వు పోతాండావు, సంతోషం. అప్పు కట్టలేకపోతే అవ్వను ఎక్కడ పెట్టాలో అది కూడా చెప్పిపో." ఎవరికీ జవాబు రాలేదు. అత్త పాతికేళ్ళుగా ఆ ఇంట్లో తన భాగం అడగలేదు. 2005 చట్టం తర్వాత అడిగే హక్కు ఉన్నా అడగలేదు. అలాంటి మనిషి చేత తాకట్టు కాగితం మీద సంతకం పెట్టించుకోవడం ఏ విధమైన న్యాయమో మాకు అర్థం కాలేదు.

ఇంకొకటి ఉంది, చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంటుంది. విదేశీ కాలేజీలకు ఒక వ్యాసం రాయాలి, ఈ చదువు నీకెందుకు అని. మేము ఐదుసార్లు రాశాం. ఐదుసార్లూ వ్యాపారం గురించి మొదలై, మీటింగుల్లో నోరు పెగలకపోవడం దగ్గరికే వచ్చి ఆగింది. తెలిసిన తప్పును కూడా ఇంగ్లీషులో గట్టిగా చెప్పలేక ఊరుకున్న రోజులు, మా తర్వాత చేరినవాడు చెప్పి మెప్పు కొట్టేసిన రోజులు. చదివి చూస్తే మాకే తెలిసింది, మేము కొనాలనుకున్నది ఎంబీఏ కాదు. కన్నడ మీడియం అనే ముద్రను యాభై లక్షలు పెట్టి చెరిపేసుకోవాలనుకున్నాం. ఇంగ్లీషు మాట్లాడే ధైర్యానికి అవ్వ ఇల్లు తాకట్టు పెట్టడమంటే ఇక చెప్పేదేముంది. మనలో ఇలా ఎంతమంది ఉన్నారో, పైకి కెరీరు అంటూ లోపల ఈ పుండును మోసేవాళ్ళు.

ఇక్కడ చదివితే ఏమిటి మరి? ఇక్కడా అంతా బంగారం కాదు. బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్న ఐఐఎం 1973లో మొదలైంది, అందులో రెండేళ్ళ కోర్సు ఫీజే పాతిక లక్షల దగ్గర. కానీ ఐఐఎంలో సీటు వచ్చినవాళ్ళకు చాలా బ్యాంకులు తాకట్టు లేకుండానే అప్పిస్తాయి. ఉద్యోగం మానకుండా చదివే కోర్సు కూడా అక్కడ ఉంది. క్యాట్ మొత్తం ఇంగ్లీషులోనే, మొదటి భాగమే ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం. కన్నడ మీడియం వాళ్ళకు గుమ్మంలోనే తల తగులుతుంది. పీజీసెట్ రాసి మన యూనివర్సిటీల్లో చేరొచ్చు, ఇగ్నోలో అయితే మొత్తం లక్ష లోపే అయిపోతుంది. వీటి మధ్యలో బెంగళూరు నిండా అద్దాల బిల్డింగుల్లో ఎంబీఏ కాలేజీలు ఉన్నాయి. అక్కడ జాగ్రత్త. హోర్డింగు మీద వేసే పెద్ద ప్యాకేజీ ఒక్కడిది. అందరి జీతాలూ వరస పెడితే నడిమధ్యలో ఉండేవాడికి ఎంత వచ్చింది, ఎంతమందికి అసలు రాలేదు, అది అడగండి. చెప్పకపోతే లేచి వచ్చెయ్యండి.

ఇక్కడే చదవాలని మేము అనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ముళబాగిలు సంతలోనైనా, కోలారు టొమేటో మండీలోనైనా గంట నిలబడండి. రైతు తెలుగులో అడుగుతాడు, మండీవాడు కన్నడలో లెక్క చెబుతాడు, లారీ తమిళంలో కదులుతుంది, చిత్తుకాగితం మీద ఉర్దూ మాట్లాడే సాయిబు రాస్తుంటాడు. ఈ నాలుగూ మనకు పుట్టుకతోనో, పక్కింటి నుంచో వచ్చాయి. దీన్ని ఇంట్లో ఎవరూ చదువుగా లెక్కపెట్టలేదు. లండన్‌లో ఎంబీఏ చేస్తే ఈ నాలుగు భాషలకు మార్కులు రావు. దక్షిణ దేశంలో సరుకు అమ్మే కంపెనీకి, రైతు దగ్గర కొనే కంపెనీకి, మా ఆఫీసులో తయారయ్యే యాప్‌ను హోసూరు అంగడివాడి చేత వాడించాలనుకునేవాడికి ఇవి పనికొస్తాయి. మాకు కావలసిన ఉద్యోగం అలాంటిదే, కాబట్టి మాకు బడి కూడా ఇక్కడే ఉండాలి.

బయటికి పోవడమే తప్పని అనడం లేదు. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు, ఫలానా పని అక్కడే నేర్చుకోవాలని తెలిసినవాళ్ళు నిక్షేపంగా పోవాలి. తప్పిపోయినా తిరిగొచ్చి నిలబడే వయసు ఉంటే కొంత అప్పు కూడా చెయ్యొచ్చు. భాగాలు కాని ఇంటిని మాత్రం అందులోకి లాగకండి. కాదనలేని వాళ్ళ సంతకం అడగకండి. మా చిన్నాయన మౌనాన్ని మేము దాదాపు ఒప్పుకోలుగా తీసుకోబోయాం.

ఇప్పటి మాట ఇది. బెంగళూరులోనే, ఉద్యోగం మానకుండా చదివే కోర్సుకు దరఖాస్తు పెట్టాం. రాకపోతే ఇగ్నో. రోజూ పొద్దున గంటసేపు ఇంగ్లీషు పేపరు పైకి చదువుతున్నాం, రెండో క్లాసు పిల్ల ఉచ్చారణ దిద్దుతోంది, తండ్రి అనే మొహమాటం దానికి లేదు. పత్రాలు మళ్ళీ లుంగీ గుడ్డలోకి పోయాయి.

చిన్నాయన పెద్ద కూతురు వచ్చే ఏడు డబ్లిన్ అంటోంది. ఇరవై మూడేళ్ళు, మార్కులు మాకంటే చాలా మేలు. స్కాలర్‌షిప్ ఉన్న కాలేజీలకే రాయమని చెప్పాం, ఆ ఫారాలు ఆదివారాలు కూర్చుని మేమే నింపుతున్నాం. తాకట్టు లేకుండా ఎంతవరకు వస్తుందో బ్యాంకులో అడిగి రావాల్సింది ఇంకా ఉంది.