మందిరం తలుపు, పెళ్లి రిజిస్టరు

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు దిగుతుంది. జొన్నాడ వంతెన మీంచి చూస్తే గౌతమి రంగు మారిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఊళ్లో పులస కబుర్లు మొదలవుతాయి. ఫంక్షన్ హాళ్లకు మాత్రం పని తగ్గుతుంది; శూన్యమాసం కదా, పెళ్లిళ్లు పెట్టుకోరు. అలాంటి రోజుల్లో ఏ పేటలోనైనా షామియానా లేచి, మైకులో పెళ్లి పాట వినపడిందంటే అది మందిరంలో పెళ్లేనని ఒకరు చెప్పక్కర్లేదు.

ముహూర్తంతో పనిలేదు గనక క్రైస్తవుల పెళ్లి తేలిక అనుకుంటారు చాలామంది. తిథి అడగరు గాని తక్కినవన్నీ అడుగుతారు. పిల్లకి బాప్తిస్మం అయిందా? కుర్రాడు ఏ సంఘం? అక్కడి పెద్దల ఉత్తరం తెచ్చారా? ప్రభువు బల్లలో పాలుపొందుతున్నాడా? ఆదివారం ఆరాధనలో ప్రకటన చదివించారా? ఇవన్నీ తేలాకే కొన్ని సంఘాలు మందిరం తలుపు తీస్తాయి. మరికొన్ని, వచ్చి అడిగినవాళ్లని కాదనలేక ప్రార్థన చేసి, దీవించి పంపుతాయి. ఈ రెండు పద్ధతుల మధ్య తగువు మా కోనసీమ సంఘాల్లో పాతదే. ఎటు తీర్పు చెప్పినా ఒక తల్లి కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దిగాల్సిందే.

ఈ పట్టుదల నిన్నమొన్నటిది కాదు. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులో ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నర్సాపురం, పాలకొల్లు వైపు కుదురుకున్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో అక్కడి కూలీల మధ్యా బోధించారు. వాళ్లది బ్రదరెన్ పద్ధతి. పట్టాభిషేకం పొందిన పాదిరీ ఉండడు, బిషప్పు ఉండడు. పెద్దలు కూర్చుని తేలుస్తారు. అంచేత పెళ్లి విషయంలోనూ ఏ ఊరి సంఘానిది ఆ ఊరి తీర్పే. లూథరన్లకి, సీఎస్ఐ వాళ్లకి, కతోలికులకి పైనుంచి వచ్చే కట్టడలున్నాయి. ఇక ఈ మధ్య వీధికొకటి చొప్పున లేచిన స్వతంత్ర మందిరాల్లో పాస్టరుగారి మాటే కట్టడ. ఒకే ఊళ్లో ఒక మందిరం కాదన్న జంటకి రెండు వీధుల అవతల మరో మందిరంలో పెళ్లయిపోవడానికి కారణం ఇదే.

గట్టిగా ఉండే సంఘాల వాదనని చాలామంది చాదస్తం కింద కొట్టేస్తారు. అది న్యాయం కాదు. పౌలు కొరింథీ సంఘానికి రాసిన రెండో పత్రికలో అవిశ్వాసులతో జోడు కట్టొద్దని చెప్పిన మాట వాళ్లకి అలంకారం కాదు. ఇటొకటి అటొకటి లాగే ఎద్దుల్ని కట్టి దున్నితే చాలు వంకరపోతుందని మా వైపు రైతుకి ఒకరు చెప్పాలా? పుట్టిన బిడ్డని ఆదివారం ఎక్కడికి తీసుకెళ్లాలి, పండక్కి ఏ ఇంటికి వెళ్లాలి, పోయాక ఏ నేలలో పూడ్చాలి లేదా కాల్చాలి అన్నవి పెళ్లినాడు ఎవరికీ గుర్తురావు. పెద్దలకి గుర్తుంటాయి, ఎందుకంటే పదేళ్ల తర్వాత ఆ పంచాయితీ వాళ్ల ముందుకే వస్తుంది. పైగా, మందిరం అద్దెకిచ్చే హాలు కాదు. నలుగురు కూలిడబ్బుల్లోంచి కానుకలు తీసి కట్టుకున్న ఇల్లు. పెళ్లికొడుక్కీ ఫాదరుగారికీ మధ్య ఫొటోగ్రాఫరు దూరి, ప్రమాణం ఇంకోసారి చెప్పమని అడిగిన సందర్భం నేను కళ్లారా చూశాను. అది చూశాక, పెద్దలు పెట్టే షరతుల మీద నాకున్న కోపం సగం తగ్గింది.

ప్రకటన సంగతీ అంతే. మూడు ఆదివారాలు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమనడం వినేవాళ్లకి తంతులా ఉంటుంది. కోనసీమ నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసి డబ్బు పంపుతారు. భార్య అక్కడుండగా ఇక్కడ రెండో పెళ్లికి సిద్ధపడే మగాడు దొరకడా? దొరుకుతాడు. పొరుగూరి మందిరంలో చడీచప్పుడు లేకుండా ప్రార్థన చేయించుకుంటే ఆమెకి తెలిసేదెలా? పేరు మూడుసార్లు మైకులో వినపడితే ఎవరో ఒకరు ఫోను చేస్తారు. పిల్లకి పద్దెనిమిది నిండాయో లేదో ఆరా తీయడానికీ ఆ మూడు వారాలే అక్కరకొస్తాయి.

ఇక రెండో వైపు. మా ఇళ్లల్లో మేనరికాలు ఇంకా పోలేదు. అన్న మందిరానికి వెళ్తాడు, చెల్లెల్ని ఇచ్చిన ఇంట్లో గోడకి వెంకన్న పటం ఉంటుంది. సంక్రాంతికి ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. ఆ ఇంటి కుర్రాడికీ ఈ ఇంటి పిల్లకీ చిన్నప్పుడే మాట అనుకుని ఉంటారు. "అయ్యగారండీ, మా మేనల్లుడే కదండీ, పైవాడేం కాదు కదా" అని తల్లి అడిగితే, "ఆయ్, బాప్తిస్మం తీసుకుంటే చేద్దామండీ" అంటారు. అక్కడ మొదలవుతుంది అసలు చిక్కు. శనివారం కాలవలో ముంచి బుధవారం పెళ్లి చేస్తారు. కుర్రాడు తడిబట్టలు మార్చుకున్నంత తేలిగ్గా మతం మార్చుకున్నాడని అటు మేనత్త తరఫువాళ్లు మండిపడతారు. ఆ మారడం ఎంత నిజమో ఇటు పెద్దలకీ తెలుసు. గట్టి సంఘం తన గట్టితనంతోనే తాను అన్నిటికన్నా పవిత్రంగా ఎంచేదాన్ని చవక చేసుకుంటోంది. నా మటుకు నాకు, పెళ్లి కాదనడం కన్నా పెళ్లి కోసం బాప్తిస్మం ఇవ్వడమే పెద్ద తప్పుగా తోస్తుంది.

తలుపు తెరవాలనేవాళ్ల చేతిలోనూ లేఖనం ఉంది. బోయజు చేసుకున్నది మోయాబు పిల్లనే, ఆమె వంశంలోనే దావీదు పుట్టాడు. అదే పౌలు మొదటి పత్రికలో, అవిశ్వాసి అయిన భార్య కాపురానికి ఇష్టపడితే విడిచిపెట్టొద్దని విశ్వాసికి చెప్పాడు. జరిగిన పెళ్లి గురించి చెప్పాడు గాని చేయబోయే పెళ్లి గురించి కాదని పెద్దలు జవాబిస్తారు. అదీ సబబైన జవాబే. కాని కానా ఊరి పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయినప్పుడు, ఎవరెవరు ఏ సంఘమో కనుక్కుని బానలు నింపించలేదు కదా అని ఒక పాస్టరమ్మగారు నవ్వుతూ అన్న మాట కూడా నాకు గుర్తుంది.

ఇంతవరకు నడిచింది తలుపు తగాదా. దానికన్నా చిక్కు రిజిస్టరుది.

1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్లలో ఒక్కరు క్రైస్తవులైనా పెళ్లి ఆ చట్టం చెప్పిన మనిషి చేతుల మీదుగా జరగాలి. బిషప్పు చేత పట్టం పొందిన గురువో, ప్రభుత్వ లైసెన్సు ఉన్న పాస్టరో, మ్యారేజి రిజిస్ట్రారో ఉండాలి. మామూలుగా పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ మధ్య జరగాలి. సాక్షులు ఇద్దరు ఉండాలి. అధికారం లేకుండా పెళ్లి జరిపినవాడికి పదేళ్ల వరకు జైలు. లైసెన్సు ఊసే ఎత్తకుండా పెళ్లిళ్లు చేస్తున్న మందిరాలు ఎన్ని లేవు? దీవెన దొరుకుతుంది గాని కాగితం దొరకదు. గల్ఫ్ వీసాకో, పాస్‌పోర్టులో భర్త పేరుకో, పింఛనుకో కాగితం కావలసి వచ్చిన రోజున ఆ దీవెన ఏ గుమాస్తాకీ అక్కర్లేదు.

ఇద్దరిలో ఒకరు హిందువైతే కొందరు సులువు దారి వెతుకుతారు. గుడిలో తాళి కట్టించి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించి, తర్వాత మందిరంలో ప్రార్థన పెట్టుకుంటారు. 1996లో ఇలాగే కతోలిక యువకుడు, హిందూ యువతి గుడిలో పెళ్లి చేసుకుని రిజిస్టరు చేయించుకున్నారు. తెలుగునేల మీద మొదలైన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల మధ్య పెళ్లికే గాని ఇలాంటి పెళ్లికి వర్తించదని, ఆ పెళ్లి చెల్లదని 2008 డిసెంబరులో కోర్టు తేల్చింది. ఆ కేసులో పెళ్లి రద్దు కోరింది ఆమే. అదే మాట రేపు వదిలించుకోవాలనుకున్న భర్త నోట వస్తే? అంత ధైర్యం చేసి ఇల్లు వదిలొచ్చిన ఆడపిల్ల చేతిలో ఏం మిగులుతుంది?

కోనసీమలో ఇంకో పొర ఉంది, దాని గురించి అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, తర్వాతి సవరణలతో సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే. క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ. మారినవాళ్లకి ఎస్సీ హోదా ఇమ్మని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసింది గాని ఉత్తర్వు మార్చడం రాష్ట్రం చేతిలో లేదు. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో మన హైకోర్టు చెప్పింది. ఈ పరిస్థితిలో తరతరాలుగా మందిరానికి వెళ్తున్న కుటుంబం చేతిలో హిందూ ఎస్సీ సర్టిఫికెట్టు ఉందనుకోండి. వాళ్ల పిల్లవాడి పెళ్లి క్రైస్తవ చట్టం కింద రిజిస్టరులోకి ఎక్కితే, అది రేపు అతని ఉద్యోగం మీద ఎవరైనా వేసే పిటిషనుకి సాక్ష్యం. అందుకని పెళ్లి జరుగుతుంది, పాట పాడతారు, ప్రమాణాలు చదివిస్తారు, భోజనాలు పెడతారు. రిజిస్టరు మాత్రం బీరువాలోంచి బయటికి రాదు.

దీన్ని కపటం అనడం సులువు. గట్టి సంఘాల పెద్దలు కొందరు అంటారు కూడా: ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు ఉన్నవాడికి మందిరంలో పెళ్లేమిటని. నేనైతే ఆ మాట అనలేను. మతం మార్చుకున్నంత మాత్రాన ఊరు అతని పేట పేరు మార్చలేదు, గ్లాసు మార్చలేదు, కూలి మార్చలేదు; మార్చింది సర్టిఫికెట్టు ఒక్కటే. ఆ మాట అనే మందిరాలు కూడా మాలపేటలో ఒకటి, మాదిగపేటలో ఒకటిగా ఉన్నాయే గాని ఒకదాంట్లో పిల్లకి ఇంకోదాంట్లో పిల్లవాణ్ణి వెతికిన పెద్దలు అరుదు.

అలాగని బీరువాకి తాళం వెయ్యడం ఒప్పుకోలేను. దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడాలి. ఉద్యోగం అతనిది. కాగితం లేని కాపురం ఆమెది. విడిచిపెడితే భరణం అడగడానికీ, చనిపోతే పింఛను అడగడానికీ పెళ్లి ఫొటోలు పట్టుకు తిరగాల్సింది ఆమే. హిందూ చట్టం కింద రిజిస్టరు చేయించినా, మేమిద్దరం అప్పటికే క్రైస్తవులం అని అతను ఒక్క మాట అంటే అదీ వణుకుతుంది. పెళ్లికూతురికి ఈ సంగతి ఎవరైనా ముందు చెప్పారా? పెద్దలకి తెలుసు, పాస్టరుగారికి తెలుసు, పెళ్లికొడుకు తండ్రికి బాగా తెలుసు. ప్రమాణం చెయ్యబోయే ఆ పిల్లకే తెలియదు.

నన్నడిగితే, మందిరం గట్టిగా ఉండాల్సిన చోటూ మెత్తబడాల్సిన చోటూ తారుమారయ్యాయి. వయసు, ఇష్టం, మొదటి పెళ్లాం, కాగితం దగ్గర ఉక్కులా ఉండాలి. కట్నం దగ్గర ఇంకా గట్టిగా. 1961 నుంచీ కట్నం నేరమే. బాప్తిస్మం తేదీ అడిగి రాసుకునే పెద్దలు కట్నం ఎంత ముట్టిందో అడిగిన పెళ్లి నేను ఒక్కటీ చూడలేదు. పైగా కొన్నిచోట్ల ఆ బేరానికి మధ్యవర్తులు వాళ్లే. ఎవరు సంఘస్థులు, ఎవరు కారు అన్న దగ్గర మాత్రం కాస్త వంగొచ్చు. హిందూ కుర్రాడికి శనివారం బాప్తిస్మం ఇచ్చే బదులు, ప్రత్యేక వివాహ చట్టం కింద ముందు రిజిస్టరు చేయించుకు రమ్మని, వచ్చాక మందిరంలో ప్రార్థన చేస్తే ఎవరి విశ్వాసమూ నాటకమవదు, పిల్ల చేతిలో చెల్లే కాగితం ఉంటుంది.

దీనికీ అడ్డు ఉంది, దాచను. ఆ చట్టం కింద ముప్పై రోజుల ముందు నోటీసు పెట్టాలి. ఇంట్లో ఒప్పుకున్న పెళ్లికి ఫరవాలేదు. కులం దాటి ప్రేమించి, అన్నల చేతికి దొరక్కుండా తిరుగుతున్న జంటకి గోడ మీద ముప్పై రోజులు పేర్లుండటం ప్రాణం మీదికి వస్తుంది. మందిరంలో మూడు ఆదివారాల ప్రకటనా వాళ్లకి అంతే. కువైట్‌లో ఉన్న భార్యని కాపాడిన ఆ మైకే ఇక్కడ ఒక పిల్లని పట్టిస్తుంది. ఇలాంటి జంట రాత్రివేళ వచ్చి తలుపు తడితే ఏం చెయ్యాలని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "పెళ్లి చెయ్యను. అన్నం పెట్టి, అమ్మగారి దగ్గర పిల్లని పడుకోబెట్టి, తెల్లారాక వకీలు దగ్గరికి నేనే తీసుకెళ్తాను" అన్నాడు. ఆయనది, మా వైపు అందరికన్నా గట్టిదని పేరుపడ్డ సంఘం.